దగ్గు చాటున

నా భార్య కలీపా ఫిబ్రవరిలో పోయింది. ఊపిరితిత్తిలో గడ్డ అని కాగితం మీద రాసిచ్చారు. ఊళ్ళో ఎవరినడిగినా అదే చెబుతారు. నన్నడిగితే నా దగ్గు చంపిందంటాను. నాది ఆమెకి అంటుకుందని కాదు. నాకసలు ఏ జబ్బూ లేదు. చిక్కంతా అక్కడే వచ్చింది.

మాది సూసమీర్ లోయ. మే నెలాఖరుకి గుర్రాలను తోలుకుని పైకెక్కుతాం, సెప్టెంబరులో మంచు మొహం చూపించగానే దిగుతాం. బాటకి రాయి విసిరితే పడేంత దూరంలో ఉన్ని గుడారం వేస్తాం. పన్నెండు ఆడగుర్రాలు, వాటి పిల్లలు, ఒక కుక్క. గుర్రప్పాలు తోలు తిత్తిలో పోసి, కవ్వంతో చిలికి, పులియబెట్టి, కుమిస్ చేసి అమ్ముతాం. కుమిస్ ఊపిరితిత్తులకి మందని పట్నంవాళ్ళకి గురి. గనుల్లో పనిచేసినవాళ్ళు, సిమెంటు దుమ్ము తిన్నవాళ్ళు, క్షయ వచ్చి తగ్గినవాళ్ళు వస్తారు. మా పక్కనే వేసిన చిన్న గుడారంలో పది రోజులు పడుకుని, రోజుకి పది గిన్నెలు తాగి, బుగ్గలు ఎర్రబడ్డాయని అద్దంలో చూసుకుని పోతారు.

చేసేదంతా కలీపాయే. నేను గుర్రప్పిల్లను తల్లి పక్కన పట్టుకుంటాను, ఆమె ఒక మోకాలు నేలకానించి పితుకుతుంది. చిలకడం ఆమే, తిత్తికి పొగ పట్టడం ఆమే. దేవదారు కొమ్మలు కాల్చి, ఆ పొగ మీద తిత్తి మూతి తెరిచి పట్టుకుంటేనే కుమిస్‌కి రుచి వస్తుంది. ముప్పై ఏడు వేసవులు ఆ పొగ మీద వంగింది. సిగరెట్టు మాత్రం చేత్తో ముట్టలేదు. నా పెట్టె నేల మీద పడి ఉంటే కాలితో పక్కకి జరిపేది.

నేను పట్టాళంలో మొదలుపెట్టాను. నలభై ఏళ్ళు కాల్చాను. పొద్దున్న లేవగానే ఒకసారి పేగులు కదిలేలా దగ్గి, కాండ్రించి ఉమ్మి, టీ తాగేవాణ్ణి. ఆ రోజుకి దగ్గు అంతే. ఈ ముక్క గుర్తుపెట్టుకోవాలి.

పక్క గుడారం మా వదిన ఉల్జాన్‌ది. అన్న పోయి చాలా ఏళ్ళయింది. మా కోడళ్ళు అత్తింటి మగాళ్ళ పేరు నోటితో పలకరు, వేరే పేరేదో తగిలిస్తారు. ఆమె కాపురానికొచ్చిన వారానికే నాకు పొగగొట్టం అని పెట్టింది.

నిరుడు జూన్‌ మొదట్లో షర్షెన్ వచ్చాడు. పట్నంలో బస్సు నడిపి రిటైరైన మనిషి. చాలా ఏళ్ళుగా వస్తున్నాడు, వచ్చాడంటే వేసవంతా ఇక్కడే ఉంటాడు. దిగిన రోజే, నేను బెంచీ మీద కూర్చుని సిగరెట్టు వెలిగిస్తుంటే అగ్గిపుల్ల ఊదేశాడు.

"అన్నా, నేను ఊపిరితిత్తులు కడుక్కుందామని ఇంత దూరం వస్తా. నువ్వు నా గిన్నెలోకి పొగ ఊదుతావు."

"గాలికి అటు పక్క కూర్చో."

"నిన్నటిదాకా నేనూ కాల్చేవాణ్ణి. ఇప్పుడు ఇది." జేబులోంచి బొటనవేలంత గొట్టం ఒకటి తీశాడు. ఆకుపచ్చ రంగు. నోట్లో పెట్టుకుని పీల్చి, తెల్లటి మబ్బు వదిలాడు. "వేప్ అంటారు. పొగ కాదిది, ఆవిరి. తారు లేదు, మంట లేదు. మామిడిపండు వాసన."

"మామిడిపండు నువ్వు తిన్నావా?"

"మాస్కోలో ఒకసారి."

"ఎలా ఉంటుంది?"

"పీచు," అన్నాడు షర్షెన్.

అతని దగ్గర రెండున్నాయి. ఒకటి నాకిచ్చాడు, బుడ్డీలో రసంతో సహా. కలీపా గుమ్మంలో నిలబడి చూస్తోంది. అవతలి గుడారంలోంచి ఉల్జాన్ అంది.

"పొగగొట్టం పోయి సమోవారు వచ్చిందా మరిదీ? మరిగాక చెప్పు, టీ పోసుకుంటా."

మర్నాటి నుంచి నేను సిగరెట్టు ముట్టలేదు. ముందు గుర్రాలు తిరగబడ్డాయి. నేను పిల్లను పట్టుకుని నిలబడితే బూడిదరంగు గుర్రం చెవులు వెనక్కి వాల్చి, ముక్కుపుటాలు ఎగరేసి, చేపడం మానేసింది. పుట్టిన దగ్గర్నుంచీ నా పొగాకు కంపు భరించిన గుర్రం అది.

"దానికి నీ పండు నచ్చలేదయ్యా," అంది కలీపా, చెంబు మోచేతికి తగిలించుకుని లేస్తూ. "మూతి కడుక్కునిరా."

కడుక్కుని వచ్చాను. నాలుగు రోజులకి గుర్రం అలవాటు పడింది. నేను పడలేదు. వారం తిరక్కుండా దగ్గు పట్టుకుంది. మునుపటిలా పొద్దున్న ఒక్కసారి కాదు. గొంతులో గుర్రపు వెంట్రుక అడ్డం పడ్డట్టు గీర, గీరగానే దగ్గు తెర. పొడిదగ్గు. ఉమ్ముదామంటే ఏమీ రాదు. సిగరెట్టయితే ఐదు నిమిషాల్లో అయిపోతుంది, నలిపి పారేస్తాం. ఈ గొట్టానికి చివర లేదు. చేతిలో ఉన్నంతసేపూ నోట్లోకి పోతుంది. పీల్చినంతసేపూ దగ్గే.

బెంచీ మీదున్న ప్రతివాడూ వైద్యుడే. షర్షెన్ అన్నాడు, నలభై ఏళ్ళ తారు కదులుతోంది అన్నా, పొగగొట్టం తోమితే మసి రాలదా. సిమెంటు ఫ్యాక్టరీ ముసలాయన అన్నాడు, నలభై రోజులు దగ్గాలి, ఏడాదికో రోజు చొప్పున. వాళ్ళ మాటే నమ్మాను. లోపల శుభ్రమవుతోందంటే వినడానికి బాగుంటుంది.

ఆ రోజుల్లోనే గమనించాను, నేను దగ్గితే కలీపా కూడా దగ్గుతోందని. నేను తెర అందుకోగానే ఆమె గుడారం రెండో పక్క నుంచి అందుకునేది. నాది ఆగేసరికి ఆమెదీ ఆగేది. ఒకసారి పాలు పితుకుతుంటే ఇద్దరం ఒకేసారి దగ్గాం. గుర్రప్పిల్ల బెదిరి నా కాలు తొక్కింది.

"నన్ను వెక్కిరిస్తున్నావా ఏమే?"

"వెక్కిరించడానికి నాకు వేరే పని లేదా?" అంది. "దగ్గు ఆవలింతలాంటిది. పక్కవాడు ఆవలిస్తే మనకీ వస్తుంది."

నేను నవ్వాను. ఒక కుక్క మొరిగితే రెండోది అందుకోదా, అలాగే అనుకున్నాను. ఆమెను కుక్కతో పోల్చానని అప్పుడు తోచలేదు.

ఉల్జాన్ ఒక సీసా తెచ్చింది. నిండా కొండ ఎలుగుబంటి కొవ్వు, మా వేటగాడు ఒకడు కాచి ఇచ్చింది. దగ్గుకి మా దగ్గర అంతకు మించిన మందు లేదు. వేడి పాలలో ఒక చెంచా, పరగడుపున. వాసన చచ్చిన జంతువులా ఉంటుంది.

"మూసుకుని మింగు మరిదీ. ముక్కు కాదు, నోరు," అంది ఉల్జాన్.

కలీపా రోజూ పొద్దున్న కలిపి నా చేతికిచ్చేది. నెల రావలసిన సీసా పదిహేను రోజుల్లో అడుగంటింది. నేను చెంచాలు ఎంచుకుని తాగే మనిషిని. ఎవరు తిన్నారని అడిగాను. కలీపా నిప్పు ఎగదోస్తూ తల ఎత్తకుండా చెప్పింది.

"కుక్క నాకింది కాబోలు. మూత సరిగా పెట్టలేదు నేను."

కుక్క పేరు అక్తోష్. తొమ్మిదేళ్ళుగా మా దగ్గరే ఉంది, రెండుసార్లు తోడేళ్ళను తరిమింది. దాన్ని గుంజకి కట్టేసి జీను పటకాతో కొట్టాను. అది అరవలేదు, నేలకి అంటుకుపోయింది. కలీపా బయటికొచ్చి చూసి లోపలికి పోయింది. లోపల దగ్గు వినపడింది. నాకూ దగ్గు వస్తోంది, కొట్టీ కొట్టీ ఆయాసంతో.

ఆ కొవ్వు సగం కలీపాయే తాగేదని తర్వాత తెలిసింది.

జూన్ చివర్లో ఎక్స్‌రే బండి వచ్చింది. ఏటా వస్తుంది. మేతల మీదున్న వాళ్ళందరికీ ఫోటోలు తీసి పోతుంది. డాక్టరు దామిరా అని, జిల్లా ఆస్పత్రి ఆవిడ. బండి సరిగ్గా మా బెంచీకి ఎదురుగా నిలబెట్టారు. అతిథులు ఏడుగురు గిన్నెలు పట్టుకుని వరసగా కూర్చుని ఉన్నారు. కలీపా నన్ను వీపు మీద చెయ్యి వేసి నెట్టింది.

"పోవయ్యా. దగ్గేది నువ్వు కదా."

చొక్కా విప్పి, చల్లటి పలకకి రొమ్ము ఆనించి ఊపిరి బిగబట్టాను. డాక్టరు తెర మీద చూసింది. చాలాసేపు చూసింది.

"ఏమీ లేదు బేషెనాలీ గారూ. నలభై ఏళ్ళు కాల్చిన మనిషికి ఈ మాత్రం ఉండటం అదృష్టం. ఎన్నాళ్ళుగా దగ్గు?"

గొట్టం చూపించాను. ఆమె చేతిలోకి తీసుకుని, వాసన చూసి, తిరిగిచ్చింది.

"ఇదే. దీనిలోని రసం గొంతును గీరుతుంది, ఎండగడుతుంది. మానేయండి. సిగరెట్టుకి తిరిగి పోకండి, అదీ వద్దు. రెండూ మానితే మూడు నాలుగు వారాల్లో తగ్గాలి. తగ్గకపోతే నా దగ్గరికి రండి." కాగితం మీద రాసుకుంటూ అడిగింది. "ఇంట్లో ఇంకెవరైనా దగ్గుతున్నారా?"

"లేదు."

ఒక్క మాట. అక్కడితో ఆగినా బాగుండేది. నేను చమత్కారం చేశాను.

"మా ఆవిడ నన్ను చూసి దగ్గుతుంది, అంతే. ఆవలింతలాగా."

డాక్టరు కలం ఆపి బండి తలుపులోంచి బయటికి చూసింది. కలీపా మెట్ల కింద నిలబడి ఉంది, చెంబుతో.

"మీరూ ఎక్కండమ్మా. ఒక నిమిషం పని."

కలీపా వెనక్కి తిరిగి బెంచీ వైపు చూసింది. ఏడుగురూ చూస్తున్నారు.

"పితికే వేళయింది డాక్టరమ్మా. గుర్రాలు ఆగవు."

"సాయంత్రం దాకా ఇక్కడే ఉంటాం."

"దానికేం డాక్టరుగారూ, గుండ్రాయిలా ఉంది," అన్నాను నేను.

ఆమె కోసం అబద్ధం చెప్పలేదు. అలాగే అనుకున్నాను. ముప్పై ఏడేళ్ళు ఒక మనిషి పక్కన పడుకుని, ఆ మనిషి గుండ్రాయిలా ఉందని అనుకోగలిగినవాణ్ణి. బండి సాయంత్రం దాకా ఉంది. కలీపా గుర్రాలతో వాగు అవతలికి పోయింది.

కనుమ అవతల జీపార్ అని ఒకామె ఉండేది. ఆమె కూడా కుమిస్ చేసేది. అంతకు మూడేళ్ళ ముందు ఆమెకి క్షయ అని బయటపడింది. ఆరు నెలలు మందులు మింగింది, తగ్గింది, కాగితం కూడా ఇచ్చారు. ఆ ఏడు ఆమె గుడారం ముందు ఒక్క కారు ఆగలేదు. మరుసటి ఏడూ ఆగలేదు. మూడో ఏడు గుర్రాలమ్మేసి పట్నంలో బడి ఊడవడానికి పోయింది. ఆమె మూట కట్టుకుని లారీ ఎక్కిన రోజు కలీపా బాట దగ్గర నిలబడి చూసింది. ఇంటికొచ్చి ఆ సంగతి నాకు చెప్పింది. నేను ఊఁ అన్నాను. మా గుర్రాలు కలీపా పుట్టింటి నుంచి తోలుకొచ్చిన రెండింటి సంతానం. వాటి తాతమ్మల పేర్లు కూడా ఆమెకి తెలుసు.

ఇవన్నీ నా కళ్ళ ముందే జరిగాయి. ఒకదానికొకటి ముడి పెట్టి చూడటం నాకు రాలేదు.

డాక్టరు మానమందని ఆ సాయంత్రమే గొట్టం తీసి గడ్డిలోకి విసిరేశాను. గట్టిగానే విసిరాను. మొదటి రోజు గడిచింది. రెండో రోజు కాస్త తగ్గినట్టుంది. మూడో రోజు ఇంకా తగ్గింది. అయితే చెయ్యి ఊరుకోదు. కోపం. ఉప్పు ఎక్కువైందని గిన్నె నేలకేసి కొట్టాను. నాలుగో రోజు మధ్యాహ్నం చూద్దును కదా, కలీపా గడ్డిలో మోకాళ్ళ మీద పాకుతోంది. పేడ పక్కకి తోస్తూ, గడ్డి విడదీస్తూ. గొట్టం దొరికింది. కొంగుతో తుడిచింది. సోలారు పలకకి తగిలించి ఛార్జింగు పెట్టింది. సాయంత్రం టీతో పాటు నా ముందు పెట్టింది.

"ఏమిటిది?"

"తీసుకోవయ్యా. నీ కోపం భరించడం కంటే నీ దగ్గు భరించడం నయం."

"డాక్టరు వద్దంది."

"ఊపిరితిత్తులు బాగున్నాయని కూడా అంది. చలికాలం వచ్చాక మానుదువుగాని. ఇప్పుడు పని ఉంది."

ముప్పై ఏడేళ్ళు నా సిగరెట్టు పెట్టెను కాలితో జరిపిన మనిషి, తన చేత్తో తుడిచి ఇచ్చింది. ఇన్నాళ్ళకి మెత్తబడింది, నామీద జాలి కలిగింది అనుకున్నాను. నిజం చెప్పాలంటే గర్వపడ్డాను. షర్షెన్‌తో కూడా అన్నాను, మా ఆవిడ దారికొచ్చిందని.

జూలై, ఆగస్టు అంతా దగ్గాను. ఆమె రోజూ మరిచిపోకుండా ఛార్జింగు పెట్టింది. పితికేటప్పుడు, చిలికేటప్పుడు, అతిథులకి గిన్నెలు అందించేటప్పుడు నేను పక్కన లేకపోతే పిలిచేది. ఇటు రా, తిత్తి పట్టుకో. ఇటు రా, ఊరికే కూర్చో. ఇంత వయసులో నా మీద ఇంత ప్రేమేమిటని ఉల్జాన్ ఎగతాళి చేసింది.

"సమోవారుని ఒక్క నిమిషం వదలడం లేదే. చల్లారిపోతుందనా?"

"చల్లారితే మళ్ళీ ఎవరు మరగబెడతారు అక్కా," అంది కలీపా. నవ్వింది. నవ్వు చివర నేను దగ్గాను, ఆమె దగ్గింది.

సెప్టెంబరు మొదట్లో గొట్టం పాడైంది. ఎండలో పెడితే ఉబ్బి, పగిలి, రసం కారిపోయింది. షర్షెన్ అప్పటికే వెళ్ళిపోయాడు. లోయలో అది దొరికే కొట్టు లేదు. కలీపా బాట మీద పోయే లారీవాళ్ళను ఆపి అడిగింది, నీ దగ్గరుందా, నీ దగ్గరుందా అని. ఎవరి దగ్గరా లేదు. అలా మానేశాను. నా గొప్ప ఏమీ లేదు. వారానికి గీర తగ్గింది. మూడు వారాలకి దగ్గు పోయింది. డాక్టరు చెప్పిన లెక్కకే పోయింది.

గుడారం విప్పే రోజు వచ్చింది. పట్టపగలు, గాలి లేదు. నేను ఒక పక్క నుంచి, ఆమె ఒక పక్క నుంచి ఉన్ని పరుపు చుడుతున్నాం. మధ్యలో ఎత్తుగా ఉన్ని చుట్ట, ఆమె నాకు కనపడటం లేదు. దగ్గు వినపడింది.

నేను దగ్గలేదు.

మళ్ళీ వినపడింది. లోపలి నుంచి, తడిగా, పాత గుడ్డ చింపినట్టు. ఉన్నిలో మొహం పెట్టుకుని దగ్గుతోంది. నేనేమన్నానో రాయాలి. రాయకపోతే ఇదంతా రాసి లాభం లేదు.

"ఇప్పుడు ఎవర్ని వెక్కిరిస్తున్నావే?" అన్నాను.

ఆమె నవ్వబోయింది. ఆ చుట్ట మీదే కూర్చుండిపోయింది.

"మోయలేనయ్యా," అంది.

ముప్పై ఏడేళ్ళలో ఆ మాట ఆమె నోట వినలేదు. అప్పుడు మొహం చూశాను. చెక్కిళ్ళు ఎప్పుడు అలా పోయాయో నాకు తెలియదు. ఆ వేసవంతా రోజుకి ఆరుసార్లు ఒకే గుర్రానికి చెరో పక్కన నిలబడ్డాం.

జిల్లా ఆస్పత్రిలో దామిరాయే చూసింది. ఫోటో వెలుతురుకి ఎత్తి పట్టింది. నాకు ఫోటోలు చదవడం రాదు, అయినా కనపడింది. ఆమె నన్ను గుర్తుపట్టింది.

"ఇంట్లో ఇంకెవరూ దగ్గడం లేదన్నారు."

"అన్నాను."

"జూన్‌లో చూసి ఉంటే," అని ఆగిపోయింది. "ఇప్పుడు ఆ ఆలోచన వద్దు."

వద్దంటే పోయే ఆలోచనా అది.

పట్నానికి పంపారు, మందులెక్కించారు, జుట్టు ఊడింది, డిసెంబరులో ఇంటికి పంపేశారు. పట్నం ఆస్పత్రిలోనే ఒక మధ్యాహ్నం అడిగాను. కూతుళ్ళిద్దరూ సూపు కోసం కిందికి వెళ్ళారు.

"ఎప్పటి నుంచి?"

"అంతకు ముందు చలికాలం నుంచి. నువ్వు సిగరెట్లు కాల్చే రోజుల్లోనే."

"మరి వినపడలేదే?"

"అప్పుడు కష్టంగా ఉండేది. నువ్వు పొద్దున్న ఒక్కసారి దగ్గి ఊరుకునేవాడివి. మిగతా రోజంతా నేను వాగు దగ్గరికి పోయి దగ్గి రావాల్సి వచ్చేది. ఆ గొట్టం వచ్చాక సుఖపడ్డాను." గోడ వైపు చూస్తూ మాట్లాడింది. "నీది మంచి దగ్గు. గట్టిది. దాని చాటున నాది ఎవరికీ వినపడలేదు."

"నాకు చెప్పాల్సింది."

"చెబితే ఏం చేసేవాడివి?"

"ఆస్పత్రికి తీసుకొచ్చేవాణ్ణి."

"జూన్‌లో? గుర్రాలు పాలిస్తుంటే, బెంచీ నిండా జనం ఉంటే? నువ్వా?"

తీసుకొచ్చేవాణ్ణి అని మళ్ళీ అనలేదు. ఆమె ముందు అబద్ధం ఆడటం ఎప్పుడూ కుదరలేదు నాకు.

"జీపార్ గుడారం ముందు మళ్ళీ కారాగిందా?" అంది. "దగ్గే ఆడదాని చేతి కుమిస్ ఎవడు తాగుతాడు? మొగాడు దగ్గితే ఫరవాలేదు. మొగాడు చెయ్యి పెట్టడు కదా."

తర్వాత అంది, "కుక్కని ఊరికే కొట్టించాను."

ఫిబ్రవరిలో పోయింది. మా ఆచారం ప్రకారం ఊళ్ళో ఇంటి ముందు మంచు తోడి గుడారం వేశారు. ఆమెను లోపల కుడి పక్కన, ఆడవాళ్ళ వైపు, తెర వెనక పడుకోబెట్టారు. లోపల ఆడవాళ్ళు గోడ వైపు తిరిగి శోకాలు పాడారు. మగవాడు బయట నిలబడి, కర్ర మీద వంగి, వచ్చే ప్రతి గుంపుకీ ఎదురుగా గొంతెత్తి ఏడవాలి. రెండు రోజులు నిలబడ్డాను. గొంతు ఎక్కడా పట్టెయ్యలేదు. ఒక్క దగ్గు రాలేదు. వాగు అవతలి ఇళ్ళ దాకా వినపడిందట. రెండో రోజు ఉల్జాన్ బయటికొచ్చి నా నడుముకి పటకా బిగించి కట్టింది, చలికి.

"గొంతు బాగుపడింది మరిదీ," అంది.

ఎగతాళికి కాదు, ఓదార్పుకే అంది. ఆ తర్వాత ఆమె నన్ను సమోవారు అనలేదు. పొగగొట్టం అని కూడా అనలేదు.

నేను కలీపాను క్షమించలేదు. ఆ గొట్టం గడ్డిలోంచి ఏరి, తుడిచి, నా చేతిలో పెట్టి, నాకే తెలియకుండా నన్ను తెరలా అడ్డం పెట్టుకుంది. తెర వెనక ఏముందో తెర చూడలేదు. అయితే నేను గుడ్డముక్కను కాను. నాకు చెవులున్నాయి. ఈ రెండో మాట ముందు మొదటి మాట నిలబడదని నాకు తెలుసు. అయినా రెండూ రాస్తున్నాను.

ఈ ఏడు నాలుగు గుర్రాలతో ఎక్కాను. ఉల్జాన్ వచ్చి పితుకుతోంది. జూన్ రెండో వారంలో షర్షెన్ వచ్చాడు. బస్సు దిగి బాట మీద నుంచే గొంతెత్తి ఏడుస్తూ వచ్చాడు, రావలసిన పద్ధతిలోనే. కౌగిలించుకున్నాను. బెంచీ మీద కూర్చోబెట్టి కుమిస్ పోశాను. జేబులోంచి గొట్టం తీశాడు, ఎర్రటిది.

"పుచ్చకాయ," అన్నాడు. నా మొహం చూసి లోపల పెట్టేశాడు. "నీ దగ్గు పోయిందే అన్నా."

"పోయింది."

"నిరుడు మాకు నిద్రుండేది కాదు. అటు నువ్వు, ఇటు కలీపా వదిన."

గిన్నె నింపుతున్న చెయ్యి ఆగింది.

"ఆమె దగ్గేదని నీకు తెలుసా?"

"తెలియకపోవడమేమిటి? మేమంతా దగ్గి దగ్గి ఇక్కడికొచ్చినవాళ్ళం. సిమెంటు ముసలాయన రెండో రోజే చెప్పాడు, ఆమెది మంచి దగ్గు కాదు, మొగుడిది ఉత్త పొడిదగ్గు అని."

"మరి తాగడం మానలేదేం?"

"ఎందుకు మానతాం?" షర్షెన్ నిజంగానే అర్థం కానట్టు చూశాడు. "ఈ లోయలో ఆమె చేతి కుమిస్‌లాంటిది లేదు."

"జీపార్ దగ్గర మానేశారు కదా. క్షయ అని."

"జీపారా? ఆమె నీళ్ళు కలిపేది అన్నా. రోగానికి ముందు నుంచే. అందుకని మానేశాం."

గాలి లేదు. వాగు అవతల గుర్రప్పిల్లలు తాటికి కట్టేసి ఉన్నాయి. ఉల్జాన్ పితుకుతోంది, చెంబులో పాలు పడే చప్పుడు వినపడుతోంది.

"నాకెందుకు చెప్పలేదు?" అని అడిగాను.

"నీకు తెలుసనుకున్నాం," అన్నాడు షర్షెన్. "మొగుడివి కదా."

అతని చేతిలోంచి గిన్నె తీసుకున్నాను. సగం ఉంది. కుమిస్ నేల మీద పారబోయకూడదు. గుడారం వెనక్కి తీసుకెళ్ళాను. అక్తోష్ నీడలో పడుకుని ఉంది. పటకా తీసిన రోజు నుంచి అది నా చేతికి అందేంత దగ్గరికి రాదు. గిన్నె నేల మీద పెట్టాను. రాలేదు. వెనక్కి పది అడుగులు వేశాను, ఇంకో పది. అప్పుడు లేచి వచ్చింది.